ఊహూ మాస్టారి మెడ

కత్తెర మొదటిసారి జారినప్పుడు కాజాలక్క తలెత్తలేదు. కోట్లు కుట్టే దుకాణంలో ఏదో ఒకటి పడుతూనే ఉంటుంది. రెండోసారి కూడా అదే చప్పుడు వినపడేసరికి, పళ్ళ మధ్య పట్టుకున్న దారం కొస తీసేసి తమ్ముడి వైపు చూసింది. ఆయన కటింగ్ టేబుల్ ముందు నిలబడి తన కుడిచేతి కేసి చూసుకుంటున్నాడు, ఎవరో వాళ్ళ చెయ్యి దాచమని ఇచ్చి వెళ్ళిపోయినట్టు.

"ఏమైందిరా?"

"ఏం లేదు. వేళ్ళు మొద్దుబారాయి."

"ఎప్పట్నించి?"

తమ్ముడు వంగి కత్తెర తీసి టేబుల్ మీద పెట్టాడు. మెడ ఒక్కసారి కుడిపక్కకి తిప్పి వెనక్కి విసిరాడు. లోపల ఎముక టక్కుమంది. మిషను చప్పుడులాగే ఆ చప్పుడు కూడా ఆ దుకాణంలో ఎవరికీ వినపడటం మానేసి చాలా ఏళ్ళయింది.

ఆ విసురు వల్లే ఆయనకి ఊహూ మాస్టారని పేరొచ్చింది. ఆరేళ్ళ వయసులో మొదలైంది, నలభై నాలుగొచ్చినా పోలేదు. కొత్తగా వచ్చినవాడు "శుక్రవారానికి ఇస్తారా?" అని అడిగితే మాస్టారి తల అడ్డంగా ఊగేది. "పోనీ శనివారం?" మళ్ళీ ఊగేది. "అయితే మీరే చెప్పండి" అని వాడు విసుక్కుంటే, మాస్టారు తీరిగ్గా, "శుక్రవారానికే ఇస్తాను బాబూ. నా తలకేం, అది అలాగే అంటుంది. నా మాట వినండి" అనేవాడు. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తినా తల ఊగేది. అది మెడ ఊపిందో మనసు ఊపిందో ఎవరికీ తేలేది కాదు. ఆ మాట అలా తేలకుండానే వయసు గడిచిపోయింది.

అక్క భర్త పోయాక దుకాణంలో కిటికీ పక్క కుర్చీ ఆమెదైంది. చేతి కాజాలు వేయడంలో ఆమె పెట్టింది పేరు. దగ్గర్లో ఉన్న దర్జీలందరూ మంచి కోటు కుడితే కాజాలకి ఆమె దగ్గరికే పంపేవాళ్ళు. అందరికీ ఆమె కాజాలక్క. తమ్ముడికి మాత్రం ఉత్త అక్క.

కత్తెర పడ్డ వారానికి సుద్దముక్క పడటం మొదలైంది. తర్వాత ఒక ఉదయం తమ్ముడు చొక్కా బొత్తాలు పెట్టుకోలేక అలాగే ఆమె గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "పెట్టక్కా" అన్నాడు. ఆమె పెట్టింది. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

వెన్నెముక డాక్టరు మెడ స్కాన్ ఫోటోని వెలుతురు పలక మీద పెట్టి పెన్నుతో చూపించాడు. "మెడ ఎముకల మధ్య ఉండే మెత్తలు అరిగిపోయి వెనక్కి పొడుచుకొచ్చాయి. వెన్నుపాముని నొక్కుతున్నాయి. ఈయన ఇలా ఎన్నేళ్ళ నుంచి విసురుతున్నాడు?"

"ముప్పై ఎనిమిదేళ్ళ నుంచండి."

"ఎవరికీ చూపించలేదా?"

ఎవరికి చూపించలేదు? చిన్నప్పుడు కళ్ళ డాక్టరు, చెవుల డాక్టరు. పెద్దయ్యాక నరాల నొప్పికి మాత్రలు రాసినవాడొకడు, పాడు అలవాటు మానుకోమని మందలించి పంపినవాడొకడు. కాజాలక్క ఇవేవీ చెప్పలేదు. డాక్టరుకి కూడా వినే తీరిక ఉన్నట్టు లేదు.

"పలక వేసి స్క్రూలు బిగించాలి. బిగించడం ఎంతసేపు? ఈయన మెడ ఇలా విసురుతుంటే నెల తిరక్కుండా అవన్నీ ఊడొస్తాయి. ముందు ఈ విసురు తగ్గించుకుని రండి. మూడు నెలలు చూస్తాను. అంతకన్నా ఆలస్యమైతే చేతులతో ఆగదు, కాళ్ళ దాకా వస్తుంది."

"ఎలా తగ్గించుకోవాలి సార్?" అన్నాడు మాస్టారు. ఆ అడగడంలోనే మెడ రెండుసార్లు విసిరాడు.

"మందు రాస్తాను. దాంతోపాటు శిక్షణ ఒకటుంది. పై అంతస్తులో ఒకమ్మాయి చేయిస్తుంది, వెళ్ళి కలవండి."

మందు వేసుకున్న మూడో రోజు మాస్టారు కటింగ్ టేబుల్ మీదే, పరిచిన గుడ్డ మీద చెంప ఆనించి నిద్రపోయాడు. మందు సగానికి తగ్గించారు. మిగిలింది పై అంతస్తు అమ్మాయి.

ఆమె గది చిన్నది. మూడు కుర్చీలు, నిలువెత్తు అద్దం, బల్ల మీద గడియారం. కళ్ళజోడు పెట్టుకున్న సన్నటి మనిషి, ముప్పై కూడా ఉండవు. ముందుగానే చెప్పేసింది. "మాస్టారూ, దీన్ని టిక్ అంటారు. మెదడులో పుడుతుంది. మీ మొండితనం కాదు, పాడు అలవాటూ కాదు. పూర్తిగా పోగొడతానని నేను మాటివ్వను. కానీ అది వచ్చేటప్పుడు పసిగట్టి, దాని చోట ఇంకోటి చేయడం నేర్చుకోవచ్చు. చాలామందికి బాగా తగ్గుతుంది. సరే, ఇప్పుడు చెప్పండి. విసిరే ముందు మీకు ఏమనిపిస్తుంది?"

మాస్టారి చెయ్యి మెడ వెనక కాలరు మీదికి పోయింది. ముప్పై ఎనిమిదేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు.

"కాలరు లోపల వేసే అస్తరు గుడ్డ మడతపడి కూర్చున్నట్టు ఉంటుందమ్మా" అన్నాడు చివరికి. "పైనుంచి చూస్తే ఏమీ కనపడదు. లోపల మాత్రం గుచ్చుతూ ఉంటుంది. మెడ విసిరితే ఆ మడత సర్దుకుంటుంది. అర నిమిషం హాయిగా ఉంటుంది. మళ్ళీ మడతపడుతుంది."

పక్కనే కూర్చున్న కాజాలక్క తమ్ముడి కాలరు కేసి చూసింది. ఒకే ఇంట్లో పుట్టి, ఒకే ఇంట్లో పెరిగి, రోజూ పది గంటలు ఒకే గదిలో కూర్చుని కూడా, విసురుకి ముందు ఇంకోటి ఉంటుందని ఆమెకి తెలియదు.

"చాలా బాగా చెప్పారు" అంది ఆ అమ్మాయి, రాసుకుంటూ. "ఇక ఇంటి పని. రోజూ సాయంత్రం ఒకే వేళకి పది నిమిషాలు. ఎన్నిసార్లు వచ్చిందో గీతలు పెట్టాలి. అమ్మా, అది మీరు చేయండి. ఏమీ అనొద్దు, ముఖం మార్చొద్దు. గీతలు పెట్టండి చాలు."

కాజాలక్క తలూపింది గానీ అందుకున్న కాగితాన్ని చూడకుండానే నాలుగు మడతలు పెట్టేసింది.

వాళ్ళ నాన్న కోర్టులో బంట్రోతు. జడ్జి వెనక గంటల తరబడి కదలకుండా నిలబడటమే ఆయన ఉద్యోగం. ముక్కు మీద ఈగ వాలినా కదలనని గొప్పగా చెప్పుకునేవాడు. అలాంటి మనిషికి కొడుకు మెడ నిమిషానికోసారి ఎగరడం పరువు తక్కువగా ఉండేది. ఒకరోజు కూతుర్ని పిలిచి ఒక నోటుపుస్తకం చేతిలో పెట్టాడు. వాడు చదువుకునే గంటసేపు ఎదురుగా కూర్చుని, మెడ విసిరినప్పుడల్లా గీత పెట్టాలి. నాన్న ఇంటికొచ్చి గీతలు చూసుకుని, చెక్క స్కేలుతో అన్ని దెబ్బలు పిక్కల మీద కొట్టేవాడు. అమ్మ వంటింట్లోనే ఉండేది, బయటికి వచ్చేది కాదు. అప్పటికి వాడికి ఏడేళ్ళు, ఆమెకి పది. రెండేళ్ళ పాటు సాగింది. మొదట్లో ఆమె కొన్ని గీతలు ఎగ్గొట్టేది. నాన్న ఒకరోజు తలుపు చాటున నిలబడి తానూ లెక్కపెట్టుకుని వచ్చాడు. ఆ సాయంత్రం దెబ్బలు ఆమెకి పడ్డాయి. ఆ తర్వాత ఒక్కటి కూడా ఎగ్గొట్టలేదు.

ఇప్పుడు ముప్పై అయిదేళ్ళ తర్వాత, దుకాణం తలుపు ఓరగా వేసి, తమ్ముడికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. కాగితం ఒళ్ళో పెట్టుకుంది. మొదటి గీత పెట్టగానే వాడి మెడ మళ్ళీ ఎగిరింది. రెండు, మూడు, నాలుగు. చూస్తుండగానే విసురులు ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి. ఎముక టక టకమంటోంది. ఆమె తల వంచుకుని గీతలు పెడుతూనే ఉంది. పది నిమిషాలకి డెబ్భై ఒకటి.

"అక్కా" అన్నాడు తమ్ముడు చెమట తుడుచుకుంటూ, "నువ్వు ఆ కాగితం పట్టుకుంటే నాకు పిక్కలు మండుతున్నాయి."

వారం తర్వాత పై అంతస్తు అమ్మాయి కాగితం చూసి కళ్ళజోడు సర్దుకుంది. ఒక్క రోజుదే ఉంది. మిగతా గళ్ళు ఖాళీ. "ఏమైందమ్మా?" అని అడిగింది. తిట్టి ఉంటే కాజాలక్క నోరు విప్పేది కాదేమో. ఆ పిల్ల మామూలుగా అడిగేసరికి అంతా చెప్పేసింది. నోటుపుస్తకం, స్కేలు, నాన్న, అన్నీ. చెప్పడం మొదలుపెట్టాక, చెప్పకూడదనుకున్నది కూడా ఆగలేదు.

"ఒకసారి వీడు నా కొత్త గౌను మీద సిరా ఒలకబోశాడు. ఆ రోజు కోపంతో నాలుగు గీతలు ఎక్కువ పెట్టాను."

మాస్టారు అద్దం వైపు చూస్తూ అన్నాడు. "ఇరవై ఆరు పెట్టావు. నేను విసిరింది ఇరవై రెండే."

"నీకు తెలుసా?"

"నేనూ లోపల లెక్కపెట్టుకునేవాణ్ణి కదక్కా. ఎన్ని పడతాయో ముందే తెలియాలి కదా."

"మరి నాన్నకి చెప్పలేదేం?"

"చెబితే నీకు పడేవి." అద్దం నుంచి చూపు తిప్పి, "ఆ నాలుగూ మాత్రం బాగా నొప్పెట్టాయి" అన్నాడు. నవ్వుతూ అనలేదు. కోపంగానూ అనలేదు. కొలత చెప్పినట్టు చెప్పాడు.

కాజాలక్క ఏడవలేదు. ఏడిస్తే వాడు ఓదార్చాల్సి వస్తుంది, ఆ పని కూడా వాడి నెత్తిన పెట్టడం ఇష్టం లేకపోయింది.

ఆ అమ్మాయి కాసేపు కాగితాలు సర్దింది. తర్వాత, "తప్పు నాది. అడగకుండా ఇచ్చాను ఆ పని" అంది. "ఇక నుంచి మాస్టారే లెక్క పెట్టుకుంటారు. మీ పని వేరేది. ఆయన మెడ విసిరినప్పుడు మీరేమంటారు ఇంట్లో?"

"ఏమీ అనను."

"'తల' అని గుర్తుచేస్తుంది" అన్నాడు మాస్టారు. "రోజుకి యాభైసార్లు. తల, తల అని."

తానలా అంటున్నట్టు కాజాలక్కకి నిజంగానే తెలియదు. ఇంటికెళ్ళాక మధ్యాహ్నానికే మూడుసార్లు నాలుక చివరిదాకా వచ్చిన ఆ మాటని మింగేసింది. దాన్ని మింగడం ఎంత కష్టమో అప్పుడు అర్థమైంది. తన ఒక్క మాట ఆపుకోవడమే ఇంత కష్టమైతే, వీడిది ఇంకెంత అనుకుంది.

అసలు శిక్షణ ఆ వారం మొదలైంది. లోపల మడత పడుతున్నట్టు అనిపించిన క్షణమే గడ్డం కొంచెం దించి లోపలికి లాక్కోవాలి. మెడని మెల్లగా బిగబట్టి, ఎదురుగా చూస్తూ, ముక్కుతో నిదానంగా ఊపిరి తీసుకోవాలి. బలవంతం పనికిరాదు. ఆ గుచ్చుడు తగ్గేదాకా, కనీసం ఒక నిమిషం అలా ఉండాలి.

"కోటు ట్రయలుకి వచ్చినవాళ్ళకి నేను చెప్పేది ఇదేనమ్మా" అన్నాడు మాస్టారు. "గడ్డం దించండి, ఎదురుగా చూడండి, కదలకండి అని. వేలమందిని నిలబెట్టాను. నేను మాత్రం ఒక్కసారి నిలబడలేదు."

మొదటి నిమిషం ఆయన నిలబడలేకపోయాడు. పదిహేను సెకన్లకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పోవడం లేదమ్మా, ఇంకా గుచ్చుతోంది" అంటుండగానే మెడ ఎగిరిపోయింది. ఆ అమ్మాయి, "పర్వాలేదు, విసిరాక కూడా చేయండి. నిమిషం పూర్తి చేయండి" అంది. అద్దం ముందు పదే పదే చేయించింది. ఎక్కడెక్కడ ఎక్కువవుతుందో అడిగి రాసుకుంది. ఫోను మోగితే ఎక్కువ. ఖాతాదారు పేచీ పెడితే ఎక్కువ. చేతిలో పని లేకుండా నిలబడితే మరీ ఎక్కువ. సుద్దతో గీత గీసేటప్పుడు మాత్రం అసలు ఉండదు. దాన్నిబట్టి దుకాణంలో పద్ధతులు మార్చారు. ఫోను అక్క ఎత్తుతుంది. పేచీలు అక్క వింటుంది. మాస్టారికి ఎత్తు పీట వచ్చింది, గంటకోసారి అయిదు నిమిషాలు లోపలి గదిలో విశ్రాంతి.

మూడో వారంలో ఒక నిమిషం నిలిచాడు. అయిదో వారానికి పది నిమిషాల్లో విసురులు ముప్పైకి దిగాయి, ఏడో వారానికి పందొమ్మిదికి. నిమిషం పూర్తిచేసి ఊపిరి వదిలినప్పుడల్లా కాజాలక్క "బాగా పట్టావురా" అనేది. ఆ మాట మొదట్లో ఆమె నోటికే కొత్తగా తోచింది. పాత ఖాతాదారు ఒకాయన వచ్చి, "ఏంటి మాస్టారూ, ఇవాళ అన్నిటికీ ఒప్పేసుకుంటున్నారు, ఒంట్లో బాగోలేదా?" అన్నాడు. ముగ్గురూ నవ్వుకున్నారు. ఆ మూడు నెలల్లో ఆ దుకాణంలో నవ్వింది ఆ ఒక్కరోజే.

ఎందుకంటే చెయ్యి ఆగలేదు. మెడ ఒక పక్క బాగుపడుతుంటే చెయ్యి రెండో పక్క నుంచి పోతూనే ఉంది. సుద్దముక్క వేళ్ళ మధ్య ఉందో లేదో చూసుకుంటే గానీ తెలిసేది కాదు. ఎనిమిదో వారంలో దుకాణం మెట్టు ఎక్కుతుంటే కుడికాలు ఈడ్చింది. మాస్టారు చూడనట్టే ఉన్నాడు. అక్క కూడా అంతే.

ఆ వారం శిక్షణకి వెళ్ళినప్పుడు ఆయన అడిగాడు. "అమ్మా, ఒకమాట. నాకిది చిన్నప్పుడే, ఏ పదేళ్ళప్పుడో నేర్పించి ఉంటే ఈ ఎముక అరిగేదా?"

ఆ అమ్మాయి పెన్ను కింద పెట్టింది. "అప్పట్లో ఇది నేర్పేవాళ్ళు చాలా తక్కువ మాస్టారూ."

"అది కాదు నేనడిగింది."

"తెలియదు" అంది ఆమె. "బహుశా ఇంత అరిగేది కాదు."

"నిజం చెప్పావు. చాలు" అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా గడ్డం దించుకునే ఉన్నాడు. అది అభ్యాసమో మరొకటో అక్క అడగలేదు.

పదకొండో వారం వెన్నెముక డాక్టరు ఆయన్ని తన గదిలో ఒక మూల కూర్చోబెట్టి, మిగతా రోగుల్ని చూస్తూ అరగంట గమనించాడు. అరగంటలో అయిదుసార్లు విసిరాడు, అవి కూడా చిన్నవి. "బాగానే పట్టుకొచ్చారు. గురువారం చేసేద్దాం" అన్నాడు డాక్టరు.

ఆపరేషను అయిదు గంటలు పట్టింది. బయటికి తెచ్చినప్పుడు గడ్డం నుంచి ఛాతీ దాకా గట్టి పట్టీ బిగించి ఉంది. మత్తు దిగాక మాస్టారు అన్న మొదటి మాట, "వస్తోందక్కా." మెడ కోశారు, ఎముక తవ్వారు, లోహం బిగించారు, లోపలి మడత మాత్రం ఉన్నచోటే ఉంది. ఇప్పుడు మెడ బిగబట్టకూడదు. కబురు అందుకుని పై అంతస్తు అమ్మాయి మంచం దగ్గరికి వచ్చింది. మెడని వదిలేసి, రెండు అరచేతులూ తొడల మీద నొక్కి, నాలుక అంగిలికి ఆనించి ఊపిరి మీద మనసు పెట్టమంది. రోజూ వచ్చి అరగంట కూర్చునేది. కుడి అరచెయ్యి నొక్కుతున్నట్టు ఆయనకి తెలిసేది కాదు. అక్క దాని మీద తన చెయ్యి పెట్టి నొక్కేది.

ఇంటికొచ్చిన మూడో వారం, వీధిలో ఏదో బండి పెద్ద చప్పుడుతో గోడకి గుద్దుకుంది. ఉలిక్కిపడటంతో మొదలై నాలుగు విసురులు పట్టీలోపలే వరుసగా వచ్చేశాయి. నొప్పికి ఆయన కేక కూడా వేయలేకపోయాడు. పరుగున తీసుకెళ్ళి ఫోటో తీయించారు. ఒక స్క్రూ కొంచెం కదిలింది గానీ ఊడలేదు. మళ్ళీ కోయనవసరం లేదు, ఇంకో నెల మంచం దిగకూడదన్నారు. ఆ నెల కాజాలక్క దుకాణం తెరవలేదు.

పట్టీ తీసేసరికి కాలు బాగుపడింది. ఎడమచెయ్యికి ఏ లోటూ లేదు. కుడిచేతి బొటనవేలూ, పక్క రెండు వేళ్ళూ మాత్రం లేవలేదు. ఆరు నెలలు చూడమన్నారు. చూశారు. ఏడాది దాకా ఆశ ఉంటుందన్నారు. ఏడాదీ గడిచింది. కత్తెర పిడి కన్నాల్లో వేళ్ళు దూర్చగలడు, మూయలేడు. ఎడమచేత్తో నేర్చుకుంటానని పాత దుప్పట్లు తెచ్చి ముక్కలు ముక్కలు చేశాడు. గీత గీతలా వచ్చింది, కోత కోతలా రాలేదు.

తర్వాత అక్క కత్తెర పట్టింది. ఆయన పక్కన నిలబడి, "ఇక్కడ ఒంపు తియ్యి, ఇక్కడ పావంగుళం వదులు" అని చెబుతుంటే మూడు కోట్లు కత్తిరించింది. నాలుగోది ఖాతాదారు ఎక్కడి నుంచో తెప్పించుకున్న ఉన్ని గుడ్డ. చంక దగ్గర కత్తెర పక్కకి పోయింది. మాస్టారు ఆ ముక్క ఎత్తి చూసి, "నేను సరిగ్గా చెప్పలేదు" అన్నాడు. సరిగ్గానే చెప్పాడని ఇద్దరికీ తెలుసు. ఖాతాదారు అరవలేదు. గుడ్డ మడత పెట్టుకుని వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. ఆ తర్వాత వాళ్ళు కోట్లు ఒప్పుకోవడం మానేశారు. చిరుగులు, జిప్పులు, పొట్టి చేయడాలు మిగిలాయి. కటింగ్ టేబుల్ గుమ్మంలో పట్టక కాళ్ళు కోసి బయటికి తీయాల్సి వచ్చింది. ఆ ఖాళీలో ఇప్పుడు అద్దె కట్టి ఫోను తొడుగులు అమ్మే ఆమె కూర్చుంటోంది.

చివరిసారి శిక్షణకి వెళ్ళినప్పుడు పై అంతస్తు అమ్మాయి లెక్క చూసింది. పది నిమిషాలకి రెండు. ఆమె ముఖం వెలిగింది. "మీ సంగతి మా వాళ్ళందరికీ చెబుతున్నాను మాస్టారూ. ఇంత బాగా వచ్చినవాళ్ళు అరుదు" అంటూనే, ఆయన ఒళ్ళో ముడుచుకుని ఉన్న కుడిచెయ్యి చూసి ఆగిపోయింది.

"చెప్పమ్మా" అన్నాడు మాస్టారు. "పిల్లల్ని తెచ్చేవాళ్ళకి ముందు చెప్పు. మెడది మాత్రమే చెప్పకు, చెయ్యిది కూడా చెప్పు."

ఆ చలికాలం ఆయనకి ఊరి చివర చొక్కాల ఫ్యాక్టరీలో పని దొరికింది. కుట్టిన చొక్కాలు వరుసగా వస్తుంటే తప్పులున్నవి పక్కకి తీయాలి. చూడటానికి కళ్ళు, నెట్టడానికి ఎడమచెయ్యి చాలు. అక్కడ ఆయన్ని ఎవరూ ఊహూ మాస్టారని పిలవరు, తల అలా ఊగేదని ఎవరికీ తెలియదు. ఉదయం బస్సుకి వెళ్ళి సాయంత్రం బస్సుకి వస్తాడు.

మొదటి రోజు వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. కాజాలక్క వంట పొయ్యి కట్టేసి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఎలా ఉందిరా?"

"ఎనిమిది వందల చొక్కాలు చూశాను."

"బాగా కుడుతున్నారా?"

"చేతులు వంకరగా అతికిస్తున్నారు. కోతలోనే ఉంది తప్పు."

"చెప్పకపోయావా?"

"చెప్పాను. ఎవరు కత్తిరిస్తారో అక్కడ ఎవరికీ తెలియదట. ఎక్కడి నుంచో కత్తిరించే వస్తాయట."

ఆమె లేచి, "కాళ్ళు కడుక్కునిరా, తిందువుగాని" అంది.